బోణీ నాదే సామీ

ఆమె పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను పళ్లు తోముకుంటున్నాను. నోటి నిండా నురగ. "ఆఁ" అన్నాను. అవతలి మనిషి ఏడుస్తూ ఇంకోసారి చెప్పింది. మళ్లీ "ఆఁ" అన్నాను. మొహం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడు కుర్చీలో కూర్చున్నాను. రిటైరయ్యాక నాకు వచ్చే ఫోన్లన్నీ బీమా అమ్మేవాళ్లవి, లేకపోతే పింఛను కోసం బతికే ఉన్నానని రుజువు అడిగేవాళ్లవి. ఇలాంటి కబురు నాదాకా వస్తుందని అనుకోలేదు.

ఆమె పేరు రాయను. పేరు బయటపెట్టకూడదన్న నియమం మీదే మా పరిచయం నడిచింది. తిరుపతిలో ఒక సర్కారు ఆసుపత్రి వెనకవైపు, ఎక్స్‌రే గది దాటాక, హెచ్ఐవీ పరీక్షలు చేసే గది ఉండేది. అందులో రక్తం తీసే ల్యాబ్ టెక్నీషియన్ని నేను. ముందు గదిలో కౌన్సెలర్ మేడం మాట్లాడి ధైర్యం చెప్పి పంపేది. నా గదిలోకి వచ్చి చెయ్యి చాచేవాళ్లు. నా బల్ల దగ్గరికి వచ్చేసరికి మనిషికి పేరుండదు, సీసా మీద నంబరు ఉంటుంది. అందుకని నాకు మొహాలు గుర్తుండవు, చేతులు గుర్తుంటాయి. నరం ఎక్కడ దొరికింది, ఎక్కడ దాక్కుంది, పిడికిలి ఎంత గట్టిగా బిగించారు, వీటితోనే నేను మనుషుల్ని గుర్తుపట్టేవాడిని.

ఆమె ఎడమ చెయ్యి నల్లగా, సన్నగా ఉండేది. మోచేతి మడతలో నరం పైకి తేలి కనిపించేది, సూదికి వెతుక్కునే పని లేదు. వేళ్ల మొనలు అరటినార కోసుకుని గట్టిపడి ఉండేవి. ఆమె తిరుచానూరులో పూలమ్మేది. మోచేతి నుంచి నడిమి వేలి చివరిదాకా పూలు సాగదీసి మూర కొలిచేది. కొలిచాక ఊరుకోదు, ఇంకో బెత్తెడు లాగి అప్పుడు తుంచేది. మాట్లాడేటప్పుడు కూడా గాలిలో అలా కొలుస్తూనే ఉండేది. "మేడం ఇంత సెప్పింది" అని ఒక మూర చూపించి, "నాకు ఇంతే ఎక్కింది" అని చిటికెన వేలు చూపించేది.

మొదటిసారి తప్ప, నా గదిలోకి ఎప్పుడూ ఒంటరిగా రాలేదు. వెనకాల ఎవరో ఒక కొత్త మనిషి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, గడప దగ్గరే ఆగిపోయి ఉండేది. ఈమె మాత్రం సరాసరి లోపలికొచ్చి, ఎడమచేతి గాజులు తీసి నా పెన్నుల డబ్బాలో గలగలమని వేసి, చెయ్యి బల్ల మీద పెట్టేది.

"బోణీ నాదే సామీ. ఏంది, ఈ పొద్దు గూడా ఆముదం తాగినట్టుండావే? కొంచిం నవ్వు. నవ్వితే సూది నొప్పుండదు."

స్టూలు చూపిస్తే కూర్చునేది కాదు. "కూసుంటే పేషెంటు, నిలబడితే సుట్టం" అనేది. నిలబడే రక్తం ఇచ్చి, దూది అదుముకుని, వెనక్కి తిరిగి "అంతే మే, సీమ కుట్టినట్టు. రా" అని పిలిచేది. గడప దగ్గరి మనిషి అప్పుడు కదిలేది.

సెక్స్ వర్క్ చేసే ఆడవాళ్ల మధ్య తిరిగి, కండోములు పంచి, పరీక్షకు ఒప్పించి తీసుకురావడానికి ఒక స్వచ్ఛంద సంస్థ ఆమెను పెట్టుకుంది. ఆ బతుకు తెలిసిన మనిషి చెబితేనే వాళ్లు వింటారని సంస్థ పద్ధతి. ఆఫీసు కాగితాల్లో ఆ ఉద్యోగం పేరు పీర్ ఎడ్యుకేటర్. బయట అది 'పీరక్క' అయింది. ఆమెకు ఆ పేరు నచ్చింది. "మొహర్రానికి లేపే పీర్లు మాదిరి నన్ను గూడా ఎత్తుకుని తిప్పుతారా ఏంది" అని నవ్వేది.

పాఠం చెప్పడానికి సంస్థ వాళ్లు ఒక కొయ్య బొమ్మ ఇచ్చారు. ఒకసారి బస్సులో సంచి తెరుచుకుని ఆ బొమ్మ దొర్లి కండక్టరు కాళ్ల దగ్గరకు పోయిందట. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు. సంచిలో మునక్కాయ పెట్టుకుని తిరిగేది. కండోము ఎలా తొడగాలో దాంతోనే చూపించేది. ఆడది సంచిలో మునక్కాయ పెట్టుకుంటే ఏలని అడిగేవాడు లేడు గదా అనేది. పాఠం అయ్యాక ఆ మునక్కాయ కడిగి సాంబారులో వేస్తుందని తెలిసి, కౌన్సెలర్ మేడం ఆమె తెచ్చిన సాంబారు తినడం మానేసింది.

చెప్పే విషయాలన్నీ సరిగ్గా చెప్పేదని కూడా కాదు. మందు మాత్ర ఒంట్లోకి పోయి, కోడి చెదలు ఏరుకు తిన్నట్టు పురుగుల్ని ఏరుకు తింటుందని చెప్పేది. అలా కాదమ్మా, మందు వైరస్‌ను పెరగనివ్వదు అంతే అని మేడం తల పట్టుకునేది. "మీరు సెప్పేది కరెక్టే మేడం. కానీ మీరు సెప్తా ఉంటే నిద్రొస్తాది" అనేది ఆమె. అబద్ధాలు కూడా మంచినీళ్లు తాగినట్టు ఆడేది. వెంట తెచ్చిన ప్రతి మనిషినీ ఓపీ చీటీ దగ్గర తన పిన్నమ్మ కూతురని చెప్పేది. ఆ పిన్నమ్మకు ఎంతమంది కూతుళ్లో ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు.

పూలబుట్టలో తడి గుడ్డ కింద కండోము ప్యాకెట్లు ఉండేవి. ఆటోల వాళ్లు, లాడ్జీ కుర్రాళ్లు వచ్చి, "అక్కా, ఒక మూర" అనేవాళ్లు. ఇంట్లో తల్లో పెట్టుకునే ఆడమనిషి లేని మగవాళ్లు కూడా ఇంత శ్రద్ధగా పూలు కొనే ఊరు ఇంకోటి ఉండదని నేనంటే పగలబడి నవ్వేది.

ఆమె కొప్పు సంగతి చెప్పాలి. ఒక పక్క మల్లెలు, ఒక పక్క కనకాంబరాలు, మధ్యలో మరువం, ఎక్కడో ఒక చామంతి. అన్నీ తుంచిన ముక్కలే, ఒకదానికొకటి పొందిక లేదు. ఈవిడకు సోకులెక్కువ అనుకున్నాను మొదట్లో. అసలు సంగతి ఒకరోజు తిరుచానూరు వెళ్లినప్పుడు తెలిసింది.

అమ్మవారి గుడికి పోయే దారిలో పూలబుట్టలు వరసగా ఉంటాయి. తెల్లారి మొదటి బేరం ఎవరితో పడితే వాళ్లతో చెయ్యరు. బోణీ చేసిన చెయ్యి మంచిదైతే మధ్యాహ్నానికే బుట్ట ఖాళీ అవుతుందని, చెడ్డదైతే పూలు వాడి కుప్పలోకి పోతాయని వాళ్ల నమ్మకం. ఆ వీధి మొత్తానికి మంచి చెయ్యి ఆమెది. యాత్రికులు రాకముందే ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. ఒక్కో బుట్ట దగ్గర ఒక రూపాయి బిళ్ల ఇచ్చి, వేలెడు పూలముక్క తుంచుకుని కొప్పులో పెట్టుకునేది. చివరికి తన బుట్ట దగ్గర కూర్చుంటే, చెంగమ్మ వచ్చి ఆమెకు బోణీ చేసేది. చెంగమ్మ ఆ వీధిలో అందరికన్నా పెద్దది. నోరు కూడా పెద్దదే.

ఆమె పూలమ్మడం కాక ఇంకేం చేసేదో ఆ వీధికంతా తెలుసు. తెలిసే ఆమె చేత బోణీ చేయించుకునేవాళ్లు. మొగుడు లారీ ఎక్కి బెంగుళూరు దారిన పోయి మళ్లీ రాలేదు. "యాడో ఒగ తావ ఉండాడు గదా. సచ్చినాడని కబురు రాలేదు గదా. అంతదాకా నేను ముత్తయిదువనే" అనేది. బొట్టు, పూలు, గాజులు ఉన్న ఆడది ఎదురొస్తే మంచిదని వీధి కూడా ఒప్పుకుంది. దేనికి మడి, దేనికి కాదు అన్న లెక్క ఒక్కో వీధిలో ఒక్కో రకంగా ఉంటుంది.

ఆ చెయ్యి నుంచి నేను మొదటిసారి రక్తం తీసినప్పుడే జబ్బు బయటపడింది. అప్పుడామె సంస్థలో కొత్త. అందరికన్నా ముందు తనే పరీక్ష చేయించుకుంటానని వచ్చింది. రెండు రకాల కిట్లతో చేసి, నమ్మలేక మూడో రకంతో కూడా చేశాను. మేడం ముందు గదిలోకి పిలిచి, తలుపు వేసి చెప్పింది. ఏడుపు వినిపిస్తుందేమోనని చూశాను. కాసేపటికి తలుపు తెరుచుకుంది. "పూల మీద నీళ్లు సల్లకుండా వచ్చినా మేడం, వాడిపోతాయి" అంటూ వెళ్లిపోయింది. ఇంక ఈమె రాదని మేడం, నేనూ అనుకున్నాం.

తర్వాతి వారం వచ్చింది. వెనకాల గడప దగ్గర ఇద్దరు. గాజులు డబ్బాలో వేసి, చెయ్యి బల్ల మీద పెట్టి, "బోణీ నాదే సామీ" అంది. నేను తలెత్తి చూశాను. ఆమె కూడా చూసింది. "తియ్యి" అంది మెల్లగా.

నేను రూలు తప్పని మనిషినని నాకు పేరు. జబ్బు ఉందని తేలిపోయిన రక్తాన్ని మళ్లీ తియ్యకూడదు, సిరంజి వృథా చెయ్యకూడదు. అయినా పట్టీ కట్టి, సూది గుచ్చి, రెండు చుక్కలు తీసి, వాళ్లు వెళ్లాక పారబోశాను. అది మొదలు అలాగే నడిచింది. ఒకసారి విసుగొచ్చి గట్టిగానే అడిగాను.

"నీ రక్తం సంగతి నాకు తెలుసు కదమ్మా. ఊరికే ఎందుకు పొడిపించుకుంటావు?"

"నీకు తెలుసు. ఆ గడపకాడ నిలబడిన పిల్లకి తెలీదు గదా."

"నీకు నొప్పి కాదా?"

"సూది నొప్పికి ఏడిస్తే ఇంగ మిగతావాటికి ఏం సెయ్యాల సామీ?"

ఈమెతో మనకెందుకని, "ఊరుకున్నంత ఉత్తమం లేదు" అన్నాను.

"బోడిగుండంత సుఖం లేదు" అని సామెత పూర్తి చేసి, కిటికీలోంచి రోడ్డు మీద పోతున్న గుండ్ల యాత్రికుల్ని చూపించి, నవ్వుకుంటూ పోయింది.

సాయంత్రం పూట వక్కల డబ్బా తీసి, వక్క వేసుకున్నట్టే మాత్ర నోట్లో వేసుకునేది. బుట్టల మధ్య కూర్చున్నప్పుడు కూడా అంతే. ఎవరికీ అనుమానం రాలేదు. జబ్బు సంగతి బయటపడితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. ఆ చేత్తో బోణీ ఎవరు చేయించుకుంటారు? అమ్మవారికి పోయే పూలు ఆ చేతుల మీదుగా ఎవరు పోనిస్తారు? మంచి చెయ్యి అన్న పేరు తప్ప ఆమెకు వేరే ఆస్తి లేదు. "ఊర్లో నాకుండేది ఇదొగటే సామీ" అని అరచెయ్యి తిప్పి చూపించింది ఒకసారి. అప్పుడు మాత్రం నవ్వలేదు.

సెల్వి నగరి వైపు పిల్ల. వాళ్లింట్లో మరమగ్గాలు ఉండేవి. చిన్నప్పుడు మగ్గానికి నూలు కండెలు చుట్టిన చెయ్యి అది. మగ్గాలు ఆగిపోయాక, పెళ్లి కూడా చెడ్డాక, లాడ్జీలో దుప్పట్లు ఉతికే పనికని తిరుపతి వచ్చి, ఈ దారిలోకి దిగింది. నేను చూసేసరికి ఏడో నెల కడుపు. మేడం ఆ పిల్లకు విడమర్చి చెప్పింది. జబ్బు ఉందో లేదో ఇప్పుడే తేలాలి. ఉంటే వెంటనే మందు మొదలుపెట్టాలి, అప్పుడు బిడ్డకు అంటకుండా కాపాడుకోవచ్చు. పురుటి దాకా ఆగితే బిడ్డ ప్రాణంతో ఆడుకున్నట్టే. సెల్వి అన్నిటికీ తల ఊపింది. నా గడప దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది. ఇంకో రోజు వచ్చి, మళ్లీ అలాగే వెళ్లిపోయింది.

మూడోసారి ఆమె సెల్వి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. బయట వరండాలో బెంచీ మీద గర్భిణీలు వరసలో కూర్చుని ఉన్నారు. కడుపుతో ఉన్నవాళ్లందరికీ ఈ పరీక్ష మామూలే. వాళ్లలో చెంగమ్మ కోడలు ఉంది. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది, ఆమెకు మాత్రం వస్తూనే తెలుసు. వస్తూ వస్తూ పలకరించింది కూడా.

గాజులు డబ్బాలో పడ్డాయి. బోణీ అయింది. దూది అదుముకుని వెనక్కి తిరిగింది.

"అంతే పాపా. రా."

సెల్వి కదలలేదు. ఒక కాలు గది లోపల, ఒక కాలు బయట. తలుపు వేద్దామన్నా వీల్లేదు.

"నీకేమక్కా" అంది. "నువ్వు ఎన్నిసార్లు ఇచ్చినా ఏమీ లేదనే గదా వస్తాది. నీది మంచి సెయ్యి. అమ్మవారి వీధంతా సెప్తాది. నేను పట్టిందంతా మట్టే. నాకుండాదని ఈడ తేల్తే నేనేం సెయ్యాల? నా బిడ్డనేం సెయ్యాల? ఆ బయ్యం నీకు తెలుస్తాదా?"

ఇన్నాళ్లూ ఆమె చెయ్యి చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లనే నేను చూశాను. ఆ చెయ్యి మంచిదవడమే భయమైన మనిషి ఈ పిల్ల ఒక్కతే. మేడం ముందు గదిలోంచి లేచి వచ్చింది.

దూది అదుముకునే ఆమె నా వైపు తిరిగింది. "సామీ, నా రక్తంలో ఏముండాదో ఈ బిడ్డకి సెప్పు."

"నేను చెప్పకూడదమ్మా."

"నేనే సెప్పమంటా ఉండా గదా."

"నువ్వు చెప్పమన్నా ఇంకొకరి ముందు చెప్పకూడదు. రూలు."

"సరే. నీ రూలు నీతావే పెట్టుకో."

ఒకసారి బయటి బెంచీ వైపు చూసింది. చెంగమ్మ కోడలు ఇటే చూస్తోంది. పైట సర్దుకుంది. గొంతు తగ్గించి మాట్లాడుతుందేమో అనుకున్నాను. తగ్గించలేదు. తగ్గిస్తే సెల్వి నమ్మదనుకుందో ఏమో.

"నాకుండాది పాపా. నువ్వు తిరప్తికి రాకముందు నుంచీ ఉండాది. ఈ సామి నా సేతికి సూది పొడిసేది ఉత్తుత్తికే, మీరు బయపడకుండా ఉండాలని. సందకాడ నేను నోట్లో ఏసుకునేది వక్క కాదు, మాత్ర. సూడు నన్ను. సచ్చినట్టుండానా? బుట్ట మోస్తా ఉండా, నీతో కొట్లాడతా ఉండా. నాకు తెలిసేతలికి నా కడుపున ఎవురూ లేరు. నీకుండాది. నువ్వు ఎట్లన్నా పో, దానికోసరం ఇయ్యి సెయ్యి."

సెల్వి చాలాసేపు ఆమె మొహం చూసింది. తర్వాత నన్ను చూసింది. "నిజమా సామీ?" అని అడిగింది.

నేను అవునని అనలేదు, కాదని అనలేదు. రబ్బరు పట్టీ చేతిలోకి తీసుకున్నాను. సెల్వి వచ్చి స్టూలు మీద కూర్చుని చెయ్యి పెట్టింది. చల్లటి చెయ్యి, నరం ఎక్కడో లోపల దాక్కుంది. దొరికేదాకా ఆమె ఆ పిల్ల తల తన నడుముకు ఆనించుకుని నిలబడే ఉంది.

సెల్వికి జబ్బు ఉందని తేలింది. ఆ రోజే మందులు మొదలుపెట్టారు.

ఆమెకు ఏం జరిగిందో నాకు కొప్పు చూసి తెలిసింది. తర్వాత వచ్చినప్పుడు తల్లో తన బుట్టలోని మల్లెలు ఒక్కటే ఉన్నాయి. "ఏమ్మా, పూలు తగ్గాయి?" అన్నాను. "ఎండలు గదా సామీ, పూలకి రేటెక్కువ" అంది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కొన్నాళ్లకు తనే చెప్పింది. ఎవరూ తిట్టలేదట, ఎవరూ పొమ్మనలేదట. తెల్లారి ఎప్పటిలాగే నడుచుకుంటూ పోతే, మొదటి బుట్ట ఆవిడ "బోణీ అయిపాయె అక్కా" అందట. రెండో బుట్ట ఆవిడా అదే మాట. మూడో ఆవిడా అంతే. చెంగమ్మ అయితే తల కూడా ఎత్తకుండా, పూల మీద నీళ్లు చల్లుకుంటూ, "అయిపాయెలేమ్మే" అందట. ఒక్కొక్కరి గొంతూ అనుకరిస్తూ నవ్విస్తూ చెప్పింది.

"సూర్యుడే లేయలేదు సామీ. అంతమందికీ ఒగేసారి బోణీ ఎట్లయితాది?"

నాకు ఆ వీధి మీద, ముఖ్యంగా చెంగమ్మ మీద, ఒళ్లు మండిపోయింది. గట్టిగానే ఏదో అన్నాను. ఆమె మాత్రం, "వాళ్ల బుట్ట గురించి వాళ్లకి బయ్యం గదా. అది గూడా కూటికే గదా" అంది. బుట్ట ఎత్తుకుని బస్టాండు దగ్గరకు మారింది. అక్కడ బస్సుల అద్దాలకు దండలు వేసే డ్రైవర్లు కొనేవాళ్లు. వాళ్లకు చేతుల పట్టింపు లేదు.

నా గదికి రావడం మాత్రం మానలేదు. పద్ధతి మార్చింది. చెయ్యి బల్ల మీద పెట్టడం మానేసి, కొత్త మనిషి పక్కన నిలబడి, "నాకుండాది. సూడు ఎట్లుండానో. ఇంగ నీది ఇయ్యి" అనేది. ఆ మాట సూది కన్నా బాగా పనిచేసింది. నాకే బల్ల బోసిగా అనిపించేది. ఒకరోజు ఉండబట్టలేక, "బోణీ నీది కాదా?" అన్నాను.

"ఆ మాట వొద్దులే సామీ. ఆ సెయ్యి పాయె."

పెన్నుల డబ్బా వైపు చూస్తూ అంది. నేను సీసాల మీద నంబర్లు రాసుకుంటూ కూర్చున్నాను.

సెల్వికి ఆడపిల్ల పుట్టింది. ఏడాదిన్నర నిండాక ఆ పిల్లకు చివరి పరీక్ష నా బల్ల మీదే జరిగింది. ఏమీ లేదు. మేడం చెప్పగానే సెల్వి నేల మీద కూలబడి ఏడ్చింది. ఆమె మాత్రం పిల్లను నా బల్ల మీద పడుకోబెట్టి, తల నుంచి కాళ్ల దాకా చేత్తో పూలు కొలిచినట్టు కొలిచింది. "రెండు మూరలు గూడా లేవు. ఎంత రచ్చ సేసినావే" అంది. పిల్ల ఆమె చూపుడువేలు పట్టుకుని వదల్లేదు. ఆ తర్వాత కొన్నేళ్లకు నేను రిటైరయ్యాను. ఆమెను మళ్లీ చూడలేదు.

నాకు ఫోన్ చేసింది సెల్వి. ఆ పిల్ల ఇప్పుడు ఆమె పక్కింట్లోనే ఉంటోంది. జబ్బుతో కాదు, నిద్రలో గుండె ఆగిపోయిందని చెప్పింది. స్కూటరు తీసి తిరుచానూరు బయల్దేరాను. ఉత్త చేతులతో పోవడం ఎలాగని పూల వీధి ముందు ఆగాను. అప్పుడే తెల్లవారుతోంది. బుట్టలు నిండుగా ఉన్నాయి, యాత్రికులు ఇంకా రాలేదు. మొదటి బుట్ట దగ్గరే చెంగమ్మ ఉంది. బాగా ముసలిదైంది, గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. నేనెవరో ఆమెకు తెలియదు.

"దండ కావాలమ్మా" అన్నాను. "చావింటికి."

వీధంతా ఒక్కసారిగా నా మీదకు లేచింది. ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి నాకు ఆ సంగతి తట్టలేదు. పూలమ్మే వాళ్లు శవానికి పోయే పూలతో బోణీ చెయ్యరు.

"పొద్దన్నే పీనుగుకి పూలడగతావా? నీకేమన్నా తెలివుండాదా?" అంది చెంగమ్మ. "బోణీ గూడా కాలేదు. గమ్మున అవతలికి పోయి నిలబడు. ఎవురన్నా వచ్చి కొన్నాక సూద్దాం."

పక్కకు జరిగి నిలబడ్డాను. చెంగమ్మ పూల మీద నీళ్లు చల్లుకుంది. కోపం తగ్గాక తనే అడిగింది. "ఇంతకీ పోయింది ఎవురు?"

ఉద్యోగమంతా ఏ మనిషి పేరూ నేను బయట పలకలేదు. అక్కడ, నడివీధిలో, అన్ని బుట్టల ముందు, ఆమె పేరు చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పినట్టున్నాను.

నీళ్లు చల్లే చెయ్యి ఆగిపోయింది. చెంగమ్మ మల్లెల చుట్ట విప్పి, మోచేతి నుంచి వేలి చివరిదాకా ఒక మూర కొలిచింది, ఇంకో మూర కొలిచింది, ఆగి ఇంకో బెత్తెడు లాగి తుంచింది. ఆకులో పెట్టి నాకిచ్చింది. ఇప్పుడు ప్రతి బుట్టకూ ఫోన్‌తో డబ్బు కొట్టే అట్ట వేలాడుతోంది. నేను ఫోన్ తీశాను.

"బోణీకి ఫోన్ కొడతారా సామీ?" అంది చెంగమ్మ. "నోటియ్యి."

జేబులో వెతికి నోటు ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుని, కళ్లకద్దుకుని, బుట్టలో వేసుకుంది.

నేను స్కూటరు వైపు తిరిగాను. పక్క బుట్ట ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంటూ పిలిచింది.

"నా తావ గూడా ఇంగా బోణీ కాలేదు సామీ."

ఆ పక్కన ఇంకో ఆవిడ అప్పటికే కనకాంబరాలు తుంచి పట్టుకుని ఉంది. దగ్గరున్న చిల్లర తీసుకుని, వీధి ఆ చివరిదాకా ఒక్కో బుట్ట దగ్గరా ఆగుతూ వెళ్లాను.